సరిచూసినవారు: స్టీవ్

2014 ఏప్రిల్ 7, సోమవారం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందానికి ఒకే తప్పు గురించి రెండో కబురు అందింది.

మొదటిది ఏప్రిల్ 1న గూగుల్ నుంచి వచ్చింది. అక్కడి భద్రతా విభాగంలో పనిచేసే నీల్ మెహతా ఈ కోడ్‌ను ఓపిగ్గా చదువుకుంటూ పోతూ ఒకచోట ఆగిపోయాడు. చూసింది నిజమేనని తేలాక గూగుల్‌లోనే ఉన్న ఆడమ్ లాంగ్లీ, బోడో మోలర్ కలిసి దిద్దుబాటు సిద్ధం చేశారు. ఏప్రిల్ 9న లోకానికి చెప్పాలన్నది ఆలోచన. ఈలోగా ఫిన్లాండ్‌లో కోడెనోమికాన్ అనే కంపెనీ ఇంజినీర్లు, గూగుల్ సంగతి ఏమీ తెలియకుండానే, సరిగ్గా అదే తప్పును పట్టుకున్నారు. వాళ్ల దేశపు సైబర్ భద్రతా కేంద్రం ద్వారా ఆ కబురు 7న వచ్చి చేరింది.

బృందంలోని మార్క్ కాక్స్, మిగతావాళ్లు ఆలోచనలో పడ్డారు. రెండేళ్లపాటు ఎవరి కంటా పడనిది ఒకరికొకరు తెలియని ఇద్దరి కంట ఒకేసారి పడింది. మూడోవాడి కంట పడలేదని ఎవరు చెప్పగలరు? ఆ మూడోవాడు దొంగ కాడని ఏమిటి నమ్మకం? ఇక 9 దాకా ఆగే ప్రసక్తి లేదు. అదే రోజు 1.0.1జి అనే కొత్త వెర్షన్ విడుదల చేసేశారు.

మర్నాటికి ప్రపంచంలో సర్వర్లు చూసుకునే ఉద్యోగులెవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్లకి ఆ వారం ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఆ తప్పుకి ఫిన్లాండ్ వాళ్లు హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. రక్తం కారుతున్న గుండె బొమ్మ కూడా గీయించారు. ఆ బొమ్మ టీవీల్లో, పేపర్లలో తిరిగి తిరిగి ఊరూరా తెలిసిపోయింది. జనం పాస్‌వర్డ్‌లు మార్చుకున్నారు, నెల తిరిగేసరికి మర్చిపోయారు. కానీ ఆ తర్వాతి పన్నెండు నెలల్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో జరిగిన పని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. అందులో బొమ్మలు గీయించుకునేంత సంచలనం లేదు మరి. నా దృష్టిలో చెప్పుకోదగ్గ కథ అంతా అక్కడే ఉంది.

* * *

ఆ రోజుల్లో బ్యాంకు సైటు తెరిస్తే బ్రౌజర్‌లో పైన చిన్న తాళంకప్ప గుర్తు కనిపించేది. మన దగ్గర్నుంచి బ్యాంకు దాకా వెళ్లే మాట మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా చేసే ఏర్పాటుకి అది ఆనవాలు. ఆ పని చేసే కోడ్‌ను ప్రతి కంపెనీ సొంతంగా రాసుకోదు. రాసుకోకూడదు కూడా. గణితం తెలిసినవాళ్లు సైతం సులభంగా పొరబడే చోటు అది. అందుకే అందరూ కలిసి వాడుకునే కోడ్ ఒకటి ఉంది. దాని పేరే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.

ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అనే ఇద్దరు 1995లో మొదలుపెట్టిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై దీనికి మూలం. 1998లో వాళ్లు వేరే కంపెనీలోకి వెళ్లిపోయినప్పుడు మార్క్ కాక్స్, రాల్ఫ్ ఎంగెల్‌షాల్, స్టీఫెన్ హెన్సన్, బెన్ లారీ, పాల్ సటన్ ఆ కోడ్‌ను అందుకుని, ఆ డిసెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరుతో నిలబెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవచ్చు, దిద్దవచ్చు. తీసుకున్నవాళ్లకి లెక్కలేదు. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ అనే రెండు వెబ్ సర్వర్లూ దీన్నే వాడేవి. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో చురుగ్గా ఉన్న సైట్లలో దాదాపు మూడింట రెండొంతులు ఆ రెండింటి మీదే నడిచేవి.

ఇక తప్పు సంగతి. రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటూ మధ్యలో కాసేపు మౌనంగా ఉండిపోతే, అవతలివాడు ఉన్నాడా లేడా అని తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని హార్ట్‌బీట్ అంటారు. ఇవతలి కంప్యూటర్ ఒక మాట పంపి, అది ఎన్ని బైట్ల పొడవో పక్కనే రాస్తుంది. అవతలిది ఆ మాటనే తిరిగి పంపాలి. అంతే పని. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ ఆ రాసిన పొడవుని నమ్మింది, వచ్చిన మాట నిజంగా అంత ఉందో లేదో చూడలేదు. ఒక్క బస్తా వేసి వెళ్లిన మనిషి చీటీలో వెయ్యి అని రాసుకొస్తే, వేసిందెంతో చూడకుండా గోదాములో చేతికందిన బస్తాలన్నీ తోసేసిన గుమాస్తా పని అది. ఒక్కసారి అడిగితే 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీలోది బయటికి వచ్చేసేది. అందులో ఏముంటుందో చెప్పలేం. ఎవరి పాస్‌వర్డో ఉండవచ్చు, ఎవరి ఉత్తరమో ఉండవచ్చు, అసలు ఆ సర్వర్ రహస్య తాళంచెవే ఉండవచ్చు. ఎన్నిసార్లయినా అడగవచ్చు. అడిగిన జాడ కూడా మిగలదు.

దిద్దుబాటు చూస్తే గుండె చివుక్కుమంటుంది. సందేశం రకానికి 1 బైటు, పొడవు రాయడానికి 2 బైట్లు, చివర నింపడానికి కనీసం 16. వీటికి చీటీలో రాసిన పొడవు కలిపితే వచ్చేది, నిజంగా అందినదాని కంటే ఎక్కువైతే ఆ సందేశాన్ని పక్కన పారెయ్. నాలుగు అంకెల కూడిక, ఒక పోలిక. ఆ పోలిక లేకపోవడం వల్ల లోకంలో నమ్మకమైన ధ్రువపత్రాలున్న సురక్షిత సర్వర్లలో 17 శాతం, అంటే సుమారు 5 లక్షలు, తెరిచిన తలుపులయ్యాయని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా వేసింది. ఆండ్రాయిడ్ 4.1.1 ఉన్న ఫోన్లలోనూ అదే కోడ్ ఉంది. కెనడాలో పన్నుల శాఖ సైటు నుంచి దాదాపు 900 మంది గుర్తింపు సంఖ్యలు పోయాయి. ఆ శాఖ తన సైటును కొన్నాళ్లు మూసేసి, రిటర్నుల గడువును ఏప్రిల్ 30 నుంచి మే 5కి జరుపుకోవలసి వచ్చింది.

* * *

ఈ కోడ్ ప్రాజెక్టులోకి ఎప్పుడు వచ్చిందో సెకన్లతో సహా నమోదై ఉంది. 2011 డిసెంబరు 31, శనివారం. ఇంగ్లండ్‌లో రాత్రి 10 గంటల 59 నిమిషాలు, 57 సెకన్లు. జర్మనీలో అయితే కొత్త సంవత్సరానికి ఇంకా మూడే సెకన్లు.

రాసింది జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక పరిశోధక విద్యార్థి. హార్ట్‌బీట్ పద్ధతి ప్రమాణాన్ని రాసినవాళ్లలో అతనూ ఒకడు. అంతకు ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఎన్నో తప్పులు దిద్దిన మనిషి. 2014 ఏప్రిల్లో అతని పేరు ప్రపంచమంతా మోగింది. గూఢచారుల కోసం కావాలని చేశాడన్నవాళ్లు కూడా ఉన్నారు. అది పొరపాటేనని, ఒక సంఖ్యను సరిచూడడం మర్చిపోయానని అతను నేరుగా ఒప్పుకున్నాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఈ కథకి ఆ పేరుతో పనిలేదు.

పని ఉన్నది ఇంకో పేరుతో. ఆ కోడ్ చేర్చినప్పుడు దానితో పాటు నమోదైన నాలుగు ముక్కల వివరణలో ఒక వరుస ఉంది. ఎవరు పంపారో చెప్పాక, ఎవరు సరిచూశారో చెప్పే వరుస. అందులో ఉన్నది ఒక్క మాట: స్టీవ్.

ఆ స్టీవ్, స్టీఫెన్ హెన్సన్. ఇంగ్లండ్‌లో ఉండే గణిత శాస్త్రవేత్త, డాక్టరేట్ ఉన్నవాడు. 1998 నాటి ఐదుగురిలో ఒకడు. 2014 నాటికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీద పూర్తికాలం పనిచేస్తున్నది అతనొక్కడే. మరోసారి చెప్తాను, ఎందుకంటే మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. బ్యాంకులు, ప్రభుత్వాలు, ఆస్పత్రులు, అమెరికా రక్షణ శాఖ, గూగుల్, ఫేస్‌బుక్ అందరూ తలదాచుకున్న కోడ్ మీద పూర్తికాలం ఒక్క మనిషి. మిగతావాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు, సెలవులు ఇచ్చేవాళ్లు.

డబ్బు లెక్కలు చూసేది ఇంకో స్టీవ్. అమెరికాలో మేరీలాండ్‌లో ఉండే స్టీవ్ మార్క్వెస్. ఒకప్పుడు రక్షణ శాఖకి కన్సల్టెంటుగా పనిచేసి, ప్రభుత్వ ధ్రువీకరణలు కావలసిన కంపెనీల దగ్గర కాంట్రాక్టులు తెచ్చి, ఆ ఆదాయంతో హెన్సన్ లాంటివాళ్లకి కాస్త సంపాదన ఉండేలా ఒక ఫౌండేషన్ నడిపేవాడు. దాని స్థూల ఆదాయం ఏ ఏడాదీ పది లక్షల డాలర్లు దాటలేదు. కాంట్రాక్టులు కాకుండా, ఉత్తినే వచ్చిన విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు.

పదిమందిలో పాము చావదంటారు. ఈ కోడ్ విషయంలో పదిమంది కాదు, ప్రపంచమంతా చుట్టూ చేరి నిలబడింది. తెరిచి ఉన్న కోడ్ కదా, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని ప్రతివాళ్లూ అనుకున్నారు. చూస్తున్నది ఒక్క స్టీవ్. అది కూడా డిసెంబరు 31 రాత్రి పూట. సరిచూడడం అనే పద్ధతి లేక ఆ తప్పు దొర్లలేదు. పద్ధతి ఉంది, సరిచూసిన మనిషి పేరూ ఉంది. ఆ మనిషికి తోడు లేదు. ఈ సంగతి నన్ను చాలా బాధపెట్టింది. హెన్సన్‌ని తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు.

* * *

ఏప్రిల్ 12న మార్క్వెస్ ఒక బహిరంగ లేఖ రాశాడు. అప్పటికి వారం కూడా కాలేదు. ఆ వారంలో ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 200 మంది విరాళాలు పంపారు. చాలావరకు 5 డాలర్లు, 10 డాలర్లు. అన్నీ కలిపితే సుమారు 9,000 డాలర్లు. వాళ్లకి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాడు. ఆ వెంటనే, ఇది చాలదని కూడా మొహమాటం లేకుండా చెప్పాడు. ఈ కోడ్‌ను ఉత్పత్తుల్లో పెట్టుకుని కోట్లు గడిస్తున్న కంపెనీలు, ఏనాడూ పైసా ఇవ్వకుండా, తమకు ఇబ్బంది వచ్చినప్పుడు మాత్రం ఉచిత సాయం అడిగిన కంపెనీలు ముందుకు రావాలని అడిగాడు. ఒక్కరు కాదు, కనీసం అరడజను మంది పూర్తికాలం పనిచేస్తే తప్ప ఈ బరువు మోయలేమన్నాడు. యాచించే గొంతు కాదది. ఇన్నేళ్లు ఓర్చుకున్న మనిషి చివరికి నోరు తెరిచిన గొంతు.

ఇంకోవైపు నుంచి దెబ్బ వేరేగా వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే బృందం, థియో డి రాట్ నాయకత్వంలో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌ను తీసుకుని లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ పేరుతో వేరుపడింది. మొదటి వారంలోనే 90,000 వరుసల సీ కోడ్ కోసి పారేశారు. కోస్తూ కోస్తూ దొరికినవన్నీ బయటపెట్టారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెమరీని సొంత పద్ధతిలో దాచుకుని వాడుకునేది. ఆ పద్ధతిని ఆపేస్తే కోడ్ సరిగా నడవదు. అలా నడవకపోవడానికి కారణం ఏమిటో, ఎలా దిద్దాలో ఎవరో బయటివాళ్లు రాసి పంపిన రిపోర్టు నాలుగేళ్లుగా పెట్టెలో అలాగే పడి ఉంది. వాళ్ల మాటల్లో పరుషత్వం ఎక్కువే. కానీ చూపించినవి నిజాలు. పైగా ఆ బృందం దగ్గర కూడా డబ్బు మూలగడం లేదు. ఆ ఏడాది మొదట్లోనే తమ యంత్రాల కరెంటు ఖర్చులకి 20,000 డాలర్లు కావాలని లోకాన్ని అడగవలసి వచ్చినవాళ్లు వాళ్లు.

డబ్బు ఏప్రిల్ 24న కదిలింది. లైనక్స్ ఫౌండేషన్ అధిపతి జిమ్ జెమ్లిన్ పెద్ద కంపెనీలన్నింటికీ ఫోన్లు చేసి, కోర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇనీషియేటివ్ అనే నిధిని ప్రకటించాడు. ఒక్కో కంపెనీ ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇవ్వాలి. అమెజాన్, సిస్కో, డెల్, ఫేస్‌బుక్, ఫుజిట్సు, గూగుల్, ఐబీఎం, ఇంటెల్ మొదటి జాబితాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ కూడా ఉంది. ఓపెన్‌సోర్స్ అంటే ఒకప్పుడు మొహం చిట్లించిన ఆ కంపెనీకి, అంతకు రెండున్నర నెలల ముందే హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నేను కాదనను. అయితే ఆకులు పట్టుకున్నవాళ్లు గట్టిగానే పట్టుకున్నారు. మే 29న మొదటి సాయం ఎవరికో తేలింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఇద్దరు పూర్తికాలం పనిచేయడానికి జీతాలు. ఒకరు స్టీఫెన్ హెన్సన్. రెండోవారు ఆండీ పోల్యకోవ్.

ఒకటి రెండు అయింది. పదహారేళ్లకి.

* * *

ఇద్దరూ కుదురుగా కూర్చోకముందే జూన్ 5న ఇంకో తప్పు బయటపడింది. జపాన్‌లో లెపిడం అనే కంపెనీలో పనిచేసే మసాషి కికుచి పట్టుకున్నాడు. మాట్లాడుకునే రెండు కంప్యూటర్ల మధ్య దూరినవాడు బలహీనమైన తాళం వేయించగలిగే తప్పు అది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మొదటి విడుదల నుంచీ, అంటే పదహారేళ్లుగా ఆ కోడ్‌లో ఉంది. ఎవరైనా బెంబేలెత్తిపోయే సంగతే. నాకు మాత్రం ఇందులో ఆశ కనిపిస్తుంది. హార్ట్‌బ్లీడ్ తర్వాత ప్రపంచంలో నలుగురు ఈ కోడ్‌ను మొదటిసారి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. చదివితే తప్పులు దొరుకుతాయి. దొరకకపోతేనే భయపడాలి.

జూన్ 20న గూగుల్ కూడా తన అవసరాలకి బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సొంత శాఖ చేసుకుంది. ఉమ్మడి కుటుంబం రెండు నెలల్లో మూడు వంటిళ్లయింది. అయినా ఆ మూడు చోట్లా దొరికిన తప్పులు అటూ ఇటూ చేరుతూనే వచ్చాయి.

జూన్ 30న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం ఒక పత్రం విడుదల చేసింది. ఆ ఏడాదిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పత్రం ఇదే. రాబోయే పనుల పట్టిక అది, కానీ పనులకంటే ముందు తమ లోపాలు రాసుకున్నారు. వచ్చిన రిపోర్టులు గుట్టలుగా పేరుకుపోయాయి, కొన్ని ఏళ్ల తరబడి తెరిచి చూడలేదు. ఎలా వాడాలో చెప్పే వివరణలు అసంపూర్తిగా ఉన్నాయి, ఉన్నవాటిలో కొన్ని తప్పు. కోడ్ చదవడానికి, నిలబెట్టడానికి కష్టం. రాసే తీరు చోటుచోటుకీ మారిపోతుంది. సరిచూసే పద్ధతి గట్టిగా లేదు. కొత్త వెర్షన్ ఎప్పుడు వస్తుందో, పాతది ఎప్పటిదాకా చూసుకుంటారో ఎవరికీ తెలియదు. భద్రతా లోపం దొరికితే ఎవరికి ఎప్పుడు చెబుతారో రాతలో లేదు. బయటివాళ్లు తిట్టినవన్నీ తమ పేరుతో తామే రాసి, ఒక్కొక్కదానికీ గడువు పెట్టుకున్నారు. ఈ పని చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో, ఏ ఆఫీసులోనైనా నాలుగేళ్లు పనిచేసినవాళ్లకి తెలుస్తుంది.

ఆ వేసవి నుంచి కోడ్ చరిత్రలో ఒక మార్పు కనిపిస్తుంది. ఎవరైనా వెళ్లి చూడవచ్చు, అంతా బహిరంగమే. ప్రతి మార్పు కిందా రివ్యూడ్ బై అనే వరుస తప్పనిసరిగా వస్తుంది. రాసినవాడు కాక బృందంలో ఇంకొకరు చదివి, ఒప్పుకుంటే తప్ప ఏదీ లోపలికి పోదు. హెన్సన్ రాసినదానికీ ఇదే నియమం, నిన్న చేరినవాడు రాసినదానికీ ఇదే. ఆ వరుసలో పేర్లు కూడా మారడం మొదలైంది. మ్యాట్ కాస్వెల్. కుర్ట్ రోక్స్. ఎమీలియా కాస్పర్. రిచ్ సాల్జ్. 1995లో ఈ కథ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన టిమ్ హడ్సన్ తిరిగొచ్చాడు. ఏడాది గడిచేసరికి బృందం డజను దాటింది.

సెప్టెంబరులో భద్రతా విధానం రాతలోకి వచ్చింది. లోపాలను తీవ్రతను బట్టి విడదీస్తారు. తీవ్రమైనదైతే ఎప్పుడు విడుదల చేస్తారో ముందుగా చెబుతారు. డబ్బిచ్చిన కంపెనీ కాబట్టి ముందే చెవిలో వేయడం ఉండదని అప్పట్లో రాశారు. ఏప్రిల్లో కొందరికి ముందు తెలిసి, కొందరికి పేపర్లో చూశాకే తెలిసిన తీరు ఎంత గొడవైందో వాళ్లు మర్చిపోలేదు.

అక్టోబరులో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో లైనక్స్ సదస్సు జరిగినప్పుడు ఈ బృందం కూడా అక్కడ చేరింది. ఏళ్ల తరబడి ఒకరి కోడ్ ఒకరు చదివినవాళ్లు, మెయిళ్లలో వాదించుకున్నవాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ నెల 14న గూగుల్ నుంచి పూడుల్ అనే మరో లోపం వెల్లడైంది. ఈసారి తప్పు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒక్కదానిదే కాదు. ఎస్‌ఎస్‌ఎల్ 3.0 అనే పాత ప్రమాణమే పుచ్చిపోయింది. పట్టుకున్న ముగ్గురిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృంద సభ్యుడు బోడో మోలర్ ఒకడు. ఒక్క రోజు తిరక్కుండా, 15న దిద్దుబాటుతో కొత్త విడుదల వచ్చింది.

* * *

ఇక నాకు బాగా ఇష్టమైన ఘట్టం. బయటివాళ్లకి ఇందులో ఏమీ జరిగినట్టు అనిపించదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ చూడడానికే కంటికి కష్టంగా ఉండేది. సీ భాషలో ఒక షరతు రాసి, దాని లోపల ఏం చేయాలో బ్రాకెట్ల మధ్య రాస్తారు. మామూలుగా బ్రాకెట్ ఒకచోట, లోపలి వరుసలు కొంచెం జరిపి ఉంటాయి. ఏది దేని లోపల ఉందో చూడగానే తెలుస్తుంది. 1995 నుంచీ ఉన్న అలవాటు ప్రకారం ఇక్కడ బ్రాకెట్లు కూడా లోపలికి జరిగి, వరుసలతో కలిసిపోయేవి. కొన్ని ఫైళ్లలో ట్యాబులు, కొన్నింట్లో ఖాళీలు, కొన్నింట్లో రెండూ. సరిచూసేవాడి కళ్లు సగం శ్రమ ఏది ఎక్కడ ముగుస్తుందో వెతుక్కోవడానికే ఖర్చు పెట్టాలి. మిగిలిన సగంతో తప్పు పట్టుకోవాలి.

2015 జనవరిలో మ్యాట్ కాస్వెల్ దీని పని పట్టాడు. మొత్తం కోడ్‌ను ఒకే తీరుకి తేవాలి. నాలుగు ఖాళీల చొప్పున జరపాలి, బ్రాకెట్లు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. చేత్తో చేస్తే ఏళ్లు పడుతుంది కాబట్టి స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టుకి అర్థం కాని చోట్లు ఎన్నో. జాగ్రత్తగా గళ్లు గీసినట్టు అమర్చిన వ్యాఖ్యలను అది చెదరగొడుతుంది, ముందే వాటికి గుర్తులు పెట్టుకోవాలి. పైగా ఒక్క కోడ్ కాదు. తయారవుతున్న కొత్తదీ, 1.0.2, 1.0.1, 1.0.0, 0.9.8 శాఖలూ అన్నీ ఒకేసారి మారాలి. లేకపోతే ఒకదాంట్లో చేసిన దిద్దుబాటు ఇంకోదాంట్లో అతకదు. కోడ్ పనితీరులో మాత్రం వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆ పని ముగిసిన జనవరి 22నే 1.0.2 విడుదలైంది.

ఈ అమరిక పనివల్ల కొత్త సదుపాయం ఒక్కటీ రాలేదు. ఒక్క లోపం కూడా మూతపడలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆ కోడ్ తెరిచిన ప్రతి మనిషికీ చదవడం తేలికైంది. ఒక ప్రాజెక్టు ఏడాదిలో ఏం సాధించిందని అడిగితే ఇలాంటి పని పేరు ఎవరూ చెప్పరు. నేను ముందుగా ఇదే చెబుతాను.

దీనితో పాటే చెత్త ఎత్తేయడం కూడా సాగింది. రిచ్ సాల్జ్ పాత రిపోర్టుల గుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాడు. పనికొచ్చేది ఉంచి, కాలం చెల్లినది మూసి, జవాబు రాయవలసినవాళ్లకి రాశాడు. లోకంలో ఎవరూ వాడని యంత్రాల కోసం ఉన్న కోడ్ తర్వాతి పెద్ద వెర్షన్ అయిన 1.1.0 నుంచి పోయింది. బీఓఎస్, నెక్స్ట్, సోనీ న్యూస్, 16 బిట్ల విండోస్. అవన్నీ ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి చేర్చినవి. తీసేటప్పుడు బాధ ఉంటుంది, కానీ ఇంటి మనుషులు సరిపోనప్పుడు అన్ని గదులూ తెరిచి ఉంచలేం. 0.9.8, 1.0.0 వెర్షన్లను 2015 డిసెంబరు 31 దాకానే చూసుకుంటామని 2014 డిసెంబరులోనే ఏడాది ముందు చెప్పేశారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడేవాళ్లకి ఇలా ముందుచూపుతో తేదీ చెప్పడం కొత్త.

* * *

2015 మార్చి 16న, రాసుకున్న విధానం ప్రకారం, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒక ముందస్తు కబురు పెట్టింది. 19న కొత్త విడుదలలు వస్తాయి, వాటిలో తీవ్రమైన లోపానికి దిద్దుబాటు ఉంది, సిద్ధంగా ఉండండి. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

లోకం మళ్లీ వణికింది. ఇంకో హార్ట్‌బ్లీడ్ వస్తోందని పేపర్లు రాశాయి. అందరూ తలో ఊహ చేశారు. మూడు రోజులు గడిచాయి.

మార్చి 19, గురువారం. విడుదలతో పాటు వచ్చిన ప్రకటనలో డజనుకు పైగా లోపాల వివరాలున్నాయి. తీవ్రమైనవని చెప్పినవి రెండు. ఒకటి 1.0.2లో సర్వర్‌ను పడగొట్టగలిగేది. రెండోది ఫ్రీక్ అనే పేరుతో అప్పటికే బయటపడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు దానికి వీలిస్తున్నాయని తేలడంతో తీవ్రత పెంచినది. హార్ట్‌బ్లీడ్‌లా సర్వర్ మెమరీ బయటికి కారిపోయే తప్పు ఏదీ లేదు. కంపెనీలు ముందుగా మనుషులను సిద్ధం చేసుకున్నాయి కాబట్టి దిద్దుబాట్లు పద్ధతిగా పడ్డాయి. భయపడినంత లేదని కొందరు విసుక్కున్నారు కూడా. ఆ విసుగు వినడానికే ఏడాదిపాటు ఇంతమంది కష్టపడ్డారని నాకు అనిపిస్తుంది.

ఆ ప్రకటనలో ప్రతి లోపం కిందా ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు చెప్పారు, ఎవరు దిద్దారన్నది రాశారు. మొదటిది స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకుడు డేవిడ్ రామోస్ ఫిబ్రవరి 26న తెలిపినది. దిద్దినవారు స్టీఫెన్ హెన్సన్, మ్యాట్ కాస్వెల్.

అదే నెలలో, ఆ ఉమ్మడి నిధి డబ్బుతో, ఎన్‌సీసీ గ్రూప్ అనే భద్రతా సంస్థ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఆడిట్ చేయడానికి దిగుతున్నట్టు ప్రకటన వచ్చింది. కొత్త అలవాట్లతో, తీసేసిన చెత్తతో, మార్చిన అమరికతో 1.1.0 బయటికి రావడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. అది 2016 ఆగస్టు 25న విడుదలైంది.